టెక్ సందేహాలు: పాడేది గొంతా, బొమ్మా?

ప్రశ్న: నేను సొంతంగా బాణీలు కడతాను. పాడేవాళ్లు దొరక్క, డబ్బు పెట్టి పాటలు పాడే సాఫ్ట్‌వేర్ కొన్నాను. గొంతు చాలా సహజంగా ఉంది. అయినా నా వీడియోలు పదిమంది కూడా చూడటం లేదు. పొడవాటి జడల హత్సునె మికు అనే జపాన్ పాత్ర బొమ్మ పెట్టినవాళ్లకు మాత్రం వేలల్లో వ్యూస్. గొంతు కన్నా బొమ్మే ముఖ్యమా? (రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇదే ప్రశ్న మూడు నెలలుగా రకరకాల మాటల్లో వస్తోంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. యమహా కంపెనీ బార్సిలోనాలోని ఒక విశ్వవిద్యాలయంతో కలిసి వోకలాయిడ్ ఇంజిన్ తయారు చేసింది. మనం ఇచ్చిన బాణీని, మాటల్ని పాడిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. దాని మీద 2004 జనవరిలో మొదట వచ్చిన గొంతులు లియోన్, లోలా. రెండూ ఇంగ్లిష్‌వి, స్టూడియో సామానులాగే అమ్మారు. పేర్లున్నాయి గానీ ఆ పేర్ల వెనక గుర్తుపెట్టుకోవడానికి మనిషి లేడు. అదే ఏడాది నవంబర్‌లో జపాన్‌లోని సపోరోకు చెందిన క్రిప్టన్ సంస్థ మేకో అనే గొంతు తెచ్చి, పెట్టె మీద కార్టూన్ అమ్మాయి బొమ్మ వేసింది. మూడు వేలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. అప్పట్లో ఈ రకం సాఫ్ట్‌వేర్‌కు అది పెద్ద సంఖ్యే.

అయితే బొమ్మదే మహిమ అని అప్పుడే తేల్చేయకండి. 2006లో అదే సంస్థ కైటో అనే మగ గొంతు తెచ్చింది. దాని పెట్టె మీదా బొమ్మ ఉంది. మొదట్లో పోయినవి సుమారు 500 కాపీలే. రెండేళ్లు తిరిగేసరికి అదే కైటోకి, అదే బొమ్మతో, అభిమానులు పోగయ్యారు. మధ్యలో జరిగింది అదే క్రిప్టన్ తెచ్చిన మరో వోకలాయిడ్ గొంతు, మికు రాక: 2007 ఆగస్టు 31.

ఆ బొమ్మను ఒకసారి దగ్గరగా చూడండి. చీలమండల దాకా వేలాడే రెండు జడలు, నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు. బట్టల రంగులు, చేతి తొడుగు మీది మీటలు యమహా వారి పాత డీఎక్స్7 కీబోర్డు నుంచి తీసుకున్నవి. ఎడమ భుజం మీద ఎర్రటి 01. లోపలేమీ గీయకుండా నల్లటి నీడ మాత్రం గీసినా ఆ జడలతో గుర్తుపట్టేయొచ్చు. బొమ్మలు వేయడం అంతగా రానివాళ్లు వేసినా మికు మికులాగే ఉంటుంది. నా దృష్టిలో కేయీ అనే చిత్రకారుడి గొప్పతనం అక్కడే ఉంది.

అంతకన్నా తెలివైన పని క్రిప్టన్ చేసింది. వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు, ఏ వేగంలో ఏ శ్రుతిలో బాగా పాడుతుందో నాలుగు ముక్కలు, అంతే చెప్పింది. ఊరు, అమ్మానాన్నలు, స్వభావం, కథ ఏదీ ఇవ్వలేదు. విడుదలై వారం తిరక్కుండానే అభిమానులు ఫిన్లాండ్ పాట ఒకటి పాడించి, చిన్న వీడియో చేసి, చేతిలో ఉల్లికాడ పెట్టారు. ఆ ఉల్లికాడ ఇప్పటికీ మికు చేతిలోనే ఉంది. ఖాళీ వదిలారు కాబట్టే జనం వచ్చి నింపారు. ఆ డిసెంబరుకల్లా క్రిప్టన్ పాటలు, బొమ్మలు పంచుకునే పియాప్రో అనే వేదిక తెరిచింది. లాభాపేక్ష లేకుండా ఎవరైనా మికును గీసుకోవచ్చు, పాటకు వాడుకోవచ్చు అని తర్వాత రాతపూర్వకంగా నియమాలూ పెట్టింది. పాట కట్టేవాళ్లు, బొమ్మ వేసేవాళ్లు, వీడియో చేసేవాళ్లు ఒకరికొకరు తెలియకుండానే కలిసి పనిచేశారు.

గొంతు కన్నా ముందు బొమ్మే పుట్టిన సందర్భం కూడా ఉంది. 2008 ఏప్రిల్ 1న జపాన్ నెటిజన్లు కొందరు, కొత్త వోకలాయిడ్ వచ్చిందని జనాన్ని నమ్మించడానికి కసానె తెతో అనే ఎర్రజుట్టు పాత్రను సృష్టించారు. అది ఏప్రిల్ ఫూల్ సరదా. జనానికి ఎంత నచ్చిందంటే, ఊటావ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దానికి నిజంగానే గొంతు అమర్చారు. 2023లో అదే తెతో ఏఐ గొంతుతో డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్‌గా వచ్చింది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. మీ గొంతుకు ఒకే రూపం ఖాయం చేయండి. ప్రతి వీడియోకీ కొత్త ఏఐ అమ్మాయి బొమ్మ మారుస్తున్నారని మీ లింకులు తెరిస్తే తెలిసింది; అలా మారిస్తే ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. మీ పాత్రను ఎవరైనా గీయొచ్చని వీడియో కింద రాయండి. వేరే గొంతు పాడిన పాటకు మాత్రం మికు బొమ్మ అతికించకండి. అది వినేవాళ్లను మోసం చేయడమే.

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. మికు సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరికిందని ఒక గ్రూపు నుంచి దించుకుని, వీడియోలో చెప్పినట్టు యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేశాడు. మర్నాడే మా వారి ఈమెయిల్ పోయింది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఎలా పోయింది? చాలా టెన్షన్‌గా ఉంది. (కరీంనగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. ఆ తర్వాతే మిగతాది చదవండి.

ఇలాంటి దొంగ ఫైళ్లలో ఉండే ప్రోగ్రామ్ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు, మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని చెప్పే కుకీలను కూడా ఎత్తుకుపోతుంది. ఆ కుకీ చేతిలో ఉంటే అవతలివాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఇంట్లో తాళం వేసి ఉన్నా లోపలున్న మనిషిలా తిరుగుతాడు. అందుకే వేరే ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ చేయండి. ఈమెయిల్‌తో మొదలుపెట్టి బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. అదే కంప్యూటర్‌లో కూర్చుని మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా వాడికే చేరుతుంది. ఈమెయిల్ ఇప్పటికే చేయి జారింది కాబట్టి అకౌంట్ రికవరీకి పెట్టండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ కంప్యూటర్‌ను పూర్తిగా ఫార్మాట్ చేయించాకే మళ్లీ వాడండి.

అబ్బాయిని కోప్పడటం కన్నా ఆ ఫైలు వాడికి ఎలా కనిపించిందో అడగండి. నాకు ఇలాంటి ఫైళ్లు ఇద్దరు పాఠకులు చూపించారు. తెర మీద కనిపించేది మికు ముఖం ఉన్న ఐకాన్, దాని కింద పేరు, చివర జిప్ అన్న మాట. నిజంగా ఆ పేరు చివర ఈఎక్స్‌ఈ కూడా ఉంది, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్ అని. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ముక్కను మామూలుగా దాచేస్తుంది. ఐకాన్ ఏం పెట్టాలో ఫైలు తయారు చేసినవాడి ఇష్టం. ప్రమాదం చెప్పే మూడు అక్షరాలను కనపడకుండా చేసి, దొంగ అతికించిన ముద్దొచ్చే బొమ్మను పెద్దగా చూపించడం ఎంత నిర్లక్ష్యం! ఏటేటా అప్‌డేట్లు వస్తాయి, మెనూ మూలలు గుండ్రంగా మారతాయి, ఈ సెట్టింగ్ మాత్రం అలాగే ఉంటుంది. పిల్లలు ప్రేమించే పాత్ర ఎదురైతే చేయి తనంతట తానే నొక్కుతుందని దొంగలకు తెలుసు. తెర తయారు చేసేవాళ్లకు తెలియదంటే నేను నమ్మను. ఈరోజే మీ ఇంట్లో ప్రతి కంప్యూటర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు, అంటే పేరు చివరి ఆ ముక్కలు, కనిపించేలా పెట్టండి.

ఇంకో గుర్తు: పైన చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఊటావ్‌కి గొంతు అంటే చిన్న చిన్న వేవ్ ఆడియో ఫైళ్లు, వాటిలో ఏ శబ్దం ఎక్కడ మొదలవుతుందో రాసిన ఓటో.ఐఎన్‌ఐ అనే ఫైలు. గొంతు ఒక్కటే కావాలంటే ఈఎక్స్‌ఈతో పనిలేదు. అబ్బాయికి పాటల మీద మక్కువ ఉంటే అలాంటి గొంతులను పాడించే ఓపెన్ఊటావ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని సొంత పేజీ నుంచే దించుకోమనండి.

ప్రశ్న: లంగా వోణీతో ఒక తెలుగు పాత్ర గీశాను. జపాన్ గొంతుతో తెలుగు పాట పాడించవచ్చా? (హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: సగం దాకా పాడించవచ్చు. జపనీస్‌లోనూ మనలాగే అయిదు అచ్చులు, వాటికి హ్రస్వాలు, దీర్ఘాలు. మాటలూ చాలావరకు మనలాగే అజంతాలు, అంటే అచ్చుతో ముగిసేవి. అందుకే ఆలాపన బాగా నప్పుతుంది. చిక్కంతా హల్లులతోనే. వాళ్లకు ట లేదు కాబట్టి ‘పాట’ వెళ్లి ‘పాత’ అవుతుంది. ల, ర, ళ మూడింటికీ ఒకే శబ్దం కాబట్టి కల, కళ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ‘కృష్ణ’లో ఒత్తుల మధ్య అచ్చులు దూరి ‘కురిషున’లా సాగుతుంది.

బొమ్మ పూర్తయింది కాబట్టి ఇప్పుడు మైకు ముందు కూర్చోండి. మీ గొంతుతోనే ట, డ, ణ, ళ గుణింతాలను ఒకే శ్రుతిలో రికార్డు చేసి ఓపెన్ఊటావ్‌లో పెట్టి చూడండి. ఫ్యాన్ ఆపి, ఒక్కో అక్షరాన్ని రెండేసి సార్లు తీయండి. ళ వచ్చిన తొలి పాట నాకు పంపండి, వింటాను.