అనుభవం ఉంటే చాలదా? జరిగినదాని గురించి మళ్లీ ఆలోచించుకోవాలా?

చాలదనే అంటాను. ఫలితం తెలిశాక మనసు పాత జ్ఞాపకాన్ని సర్దేస్తుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటనకు ముందు కొందరి చేత అంచనాలు వేయించారు. ఏది జరిగే అవకాశం ఎంత అని ముందు చెప్పినవాళ్లే, పర్యటన అయ్యాక ఆ అంచనాలను గుర్తుచేసుకోమంటే, నిజంగా జరిగినవాటికి అప్పుడే ఎక్కువ అవకాశం ఇచ్చామనుకున్నారు. ఫిష్‌హాఫ్, బేయ్త్ అనే పరిశోధకులు 1975లో ప్రచురించిన అధ్యయనమిది.

మాది భీమవరం దగ్గర పల్లె. మా బాబాయి ఓసారి తెల్లమచ్చ వ్యాధి భయంతో చెరువులోని వెనామీ రకం రొయ్యను వంద కౌంటుకే, అంటే కిలోకు వంద తూగే చిన్న సైజులోనే, పట్టుబడి చేసి అమ్మేశారు. పక్క చెరువు నిలబడింది, అందులోని రొయ్య పెరిగి యాభై కౌంటుకు అమ్ముడుపోయింది. ఇంటిల్లిపాదీ "తొందరపడ్డావు" అన్నారు. ఆయన మేత లెక్కల పుస్తకం తీశారు. ఆ రోజు తేదీ కింద ఇలా ఉంది: "చెక్ ట్రేలో మేత మిగిలింది. గట్టు వార రెండు చచ్చాయి." (చెక్ ట్రే అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం.) చేతిలో ఉన్న సమాచారానికి ఆ నిర్ణయం మరీ తప్పేం కాదు. అసలు లోపం ఇంకోచోట బయటపడింది. రొయ్యను పీసీఆర్ పరీక్షకు, అంటే వ్యాధి ఉందో లేదో తేల్చే ల్యాబ్ పరీక్షకు, పంపనేలేదు! తర్వాతి పంట నుంచి అనుమానం రాగానే ముందు శాంపిల్ పంపిస్తున్నారు.

రాత్రంతా "అలా చేసుంటేనా" అని పొర్లడం వేరు, అది ఉత్త టెన్షన్. నిర్ణయం తీసుకున్న రోజే కారణం రెండు ముక్కలు రాసిపెట్టుకోండి, తర్వాత తీసి చూసుకోండి. అన్నిటికీ ఇది కుదరదు లెండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక లంకల్లో ఎవరూ పుస్తకం తీయరు, పడవెక్కుతారు. పుస్తకం వరద తీశాకే.