పిస్టల్ బ్యారెల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నా పేరున .32 పిస్టల్‌కు లైసెన్సు ఉంది. బ్యారెల్ (గొట్టం) లోపల తుప్పు పట్టి, గుండును తిప్పే గాడులు అరిగిపోయినయ్. విదేశంలో ఉన్న మా బామ్మర్ది కొత్త బ్యారెల్ కొరియర్‌లో పంపుతానంటున్నాడు. అది కాకుంటే లేత్ మిషన్ మీద చేయిస్తానని తెలిసినాయన ఒకరు అంటున్నారు. స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) విప్పి బిగించుడు నాకు వచ్చు. లైసెన్సు ఉంది కదా, తప్పవుతుందా?

జవాబు: తప్పే అవుతుంది, అదీ చిన్న తప్పు కాదు. మీ లైసెన్సు ఆ పిస్టల్‌ను దగ్గర ఉంచుకోవడానికి, వెంట తీసుకెళ్లడానికి ఇచ్చింది. రిపేరుకు ఇచ్చింది కాదు. ఆయుధాల చట్టం, 1959 లోని 5వ సెక్షన్ తయారీ, అమ్మకం, మార్పిడి, రిపేరు, పరీక్ష అన్నింటినీ ఒకే గాటన కట్టి, వీటిలో ఏది చేయాలన్నా దానికి విడిగా లైసెన్సు ఉండాలంటుంది. సొంత ఆయుధాన్ని రిపేరు చేసుకుంటే పర్వాలేదనే మినహాయింపు అందులో లేదు. ఉల్లంఘిస్తే 25(1) సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, కనీసం 7 ఏళ్ల జైలు. గరిష్ఠం యావజ్జీవం, జరిమానా అదనం. స్లైడ్ విప్పి బ్రష్ పెట్టి తుడుచుకోవడం, నూనె రాసుకోవడం వేరే సంగతి. అది సంరక్షణ, దాన్ని రిపేరు అని ఎవరూ అనరు. బ్యారెల్ మార్చడం మాత్రం తుడవడం కాదు. సొంత పిస్టలే కదా అని కోర్టులో వాదించవచ్చు. కానీ ఓడితే 7 ఏళ్లు పోయే వాదనను నమ్ముకుని పని మొదలుపెట్టమని ఏ వకీలూ చెప్పడు.

కొత్త బ్యారెల్‌ను బిగించకుండా బీరువాలో పెట్టుకున్నా చిక్కే. చట్టం దృష్టిలో తుపాకీ విడిభాగం కూడా తుపాకీయే. చిన్న విడిభాగాలకు 45వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది, చాలామంది దాన్నే చూపిస్తారు. దాన్ని చివరిదాకా చదవాలి: ఆ భాగం తాలూకు మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడే అది వర్తిస్తుంది. మీ దగ్గర పిస్టల్ ఉంది, బ్యారెల్ దాని కోసమే. లైసెన్సు లేని ఆయుధం దగ్గర ఉంచుకున్నారన్న కేసులో శిక్ష 2 నుంచి 5 ఏళ్లు.

కొరియర్ మాట అసలే వద్దు. 10వ సెక్షన్ ప్రకారం దిగుమతికీ లైసెన్సు కావాలి. లేకుండా తెస్తే 25(1B) సెక్షన్ కింద జైలు శిక్ష, దానికి తోడు కస్టమ్స్ చట్టం కేసు. పంపింది బామ్మర్ది అయినా పార్శిల్ మీద అడ్రసు మీది.

లేత్ మీద చేయిస్తే అది రిపేరు దాటి తయారీ. మిషన్ ఆయన కూడా మీతోపాటు ముద్దాయి అవుతాడు. పైగా అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఫ్యాక్టరీ బ్యారెల్‌ను మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటాతో పరీక్షించి, నిలిచాకే ప్రూఫ్ ముద్ర కొడతారు. లేత్ గొట్టానికి ఆ ముద్ర ఉండదు. చాంబర్ (తూటా కూర్చునే చోటు) లోతు ఎక్కువైతే ఖోకా (తూటా గుల్ల) చీలి వేడి గ్యాస్ చేతి మీదికి తన్నవచ్చు. తక్కువైతే స్లైడ్ పూర్తిగా మూసుకోదు. ఇంకొకటి: .32 పిస్టళ్లలో కొన్నింటికి బ్యారెల్ ఫ్రేమ్‌లోకి బలంగా దించి, పిన్నుతో బిగించి ఉంటుంది. స్లైడ్ విప్పడం వచ్చినంత మాత్రాన అది ఊడిరాదు. ఇదే పిస్టల్‌కు 9 ఎంఎం బ్యారెల్ వేద్దామని ఎవరైనా అంటే వినకండి. అది నిషేధిత బోరు (మామూలు లైసెన్సుకు దొరకని సైజు), 7వ సెక్షన్ కిందికి పోతుంది.

సరైన దారి ఏమిటంటే, ముందు మీ లైసెన్సు మీద ఎవరి ముద్ర ఉందో ఆ అధికారికి బ్యారెల్ పాడైందని, మార్పించుకుంటానని రాతపూర్వకంగా తెలియజేయండి. నకలు మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. తర్వాత డీలర్. తుపాకులు అమ్మే ప్రతి షాపుకూ రిపేరు లైసెన్సు ఉండదు, అతని లైసెన్సులో ఆ మాట ఉందో లేదో చదవండి. ప్రభుత్వ ఫ్యాక్టరీ పిస్టల్ అయితే 2021 అక్టోబర్ 1 నుంచి కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియాకు రాయాలి. పాత విదేశీ పిస్టల్ అయితే బ్యారెల్ దొరకడమే కష్టం. దాన్ని చట్టప్రకారం వదిలించుకుని కొత్తది కొనడమే మేలని నా అభిప్రాయం.

డీలర్ రసీదులో మీ యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), పిస్టల్ నంబరు, పాత, కొత్త బ్యారెళ్ల మీది గుర్తులు, తేదీ ఉండాలి. పాత బ్యారెల్ ఇంటికి తెచ్చుకోకండి, అక్కడే అప్పగించి ఆ మాటా రాయించండి. లైసెన్సు గడువు ఇప్పుడు 5 ఏళ్లు. రెన్యువల్‌కు చూపించినప్పుడో, ఎన్నికలప్పుడు ఠాణాలో డిపాజిట్ చేసినప్పుడో నంబర్లు తేడా వస్తే అడుగుతారు. గుర్తులు చెరిగి ఉంటే ఆ పని మీరే చేశారని 8వ సెక్షన్ కింద అనుకుంటారు, కాదని నిరూపించుకునే భారం మీ మీదే పడుతుంది. అప్పుడు ఆ రసీదే మిమ్మల్ని కాపాడుతుంది.

షాపుకు మీరు వెళ్లలేకపోతే మీ అబ్బాయిని పంపవచ్చు. రిపేరు కోసం లైసెన్సుదారు రాసిచ్చిన అనుమతితో ఇంకొకరు తీసుకెళ్లడానికి 3వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మీరు సంతకం చేసిన ఆ కాగితం, లైసెన్సు నకలు అతని జేబులో ఉండాలి. తూటాలు ఇంట్లోనే ఉండాలి.