టెక్ సందేహాలు: ఆంప్ కన్నా ముందు అడాప్టర్ తిరగేసి చూడండి

ప్రశ్న: సార్, మాది కావలి. నా దగ్గర 250 ఓమ్స్ (కరెంటుకు అడ్డుపడే నిరోధం) హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. సెన్సిటివిటీ, అంటే ఎంత పవర్‌కు ఎంత మోగుతుందనేది, ఒక మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్ అని పెట్టె మీద ఉంది. లాప్‌టాప్‌లో సౌండ్ ఫుల్ పెట్టినా పాట ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంది. నాన్నగారి కాసెట్ డెక్ కూడా కలుపుకోవాలి. మూడు హెడ్‌ఫోన్ ఆంప్‌లు (సౌండ్ పెంచే యాంప్లిఫయర్లు) చూశాను. ఒకటి పైన రెండు ట్యూబులు నారింజ రంగులో వెలిగేది, చూపు తిప్పుకోలేనంత బాగుంది. రెండోది అడాప్టర్‌తో వచ్చే నల్ల డబ్బా, 32 ఓమ్స్ దగ్గర 500 మిల్లీవాట్లు. మూడోది యూఎస్‌బీ డాంగిల్, లాప్‌టాప్ యూఎస్‌బీలో గుచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చిన్న ముక్క. మా బావ వచ్చే నెల అమెరికా నుంచి వస్తున్నాడు. నల్ల డబ్బా అక్కడ చవక. తెప్పించుకోనా?

జవాబు: నల్ల డబ్బానే తీసుకోండి. అమెరికా నుంచి మాత్రం వద్దు, తెచ్చినా అక్కడి అడాప్టర్ ఇక్కడ ప్లగ్గులో పెట్టొద్దు.

ముందు మీ హెడ్‌ఫోన్స్‌కు ఎంత కావాలో లెక్క చూద్దాం. 250 ఓమ్స్‌లో ఒక మిల్లీవాట్ రావాలంటే, అంటే 96 డెసిబెల్స్ మోగాలంటే, అర వోల్టు చాలు. కానీ పాటలో ఉన్నట్టుండి లేచే తబలా దెబ్బ 110 డెసిబెల్స్ దాకా వెళ్లాలంటే 25 మిల్లీవాట్లు, అంటే రెండున్నర వోల్టులు కావాలి. చాలా లాప్‌టాప్ జాక్‌లు ఇచ్చేది ఒక వోల్టు చుట్టుపక్కలే. మీ బాధ అదే. ఇక నల్ల డబ్బా 32 ఓమ్స్ దగ్గర 500 మిల్లీవాట్లు ఇస్తోందంటే 4 వోల్టులు ఇస్తున్నట్టు. అదే 4 వోల్టులు మీ 250 ఓమ్స్ మీద 64 మిల్లీవాట్లవుతాయి. అట్ట మీద 500 చూసి మురిసిపోవక్కర్లేదు, 64 చూసి దిగులు పడక్కర్లేదు, మీకు చాలినంత ఉంది. డాంగిల్ 2 వోల్టులిచ్చే రకమైతే అదీ 108 డెసిబెల్స్ దాకా లాగుతుంది. దానికి కాసెట్ డెక్ కలపలేరు కాబట్టే వద్దంటున్నాను.

ఇప్పుడు అడాప్టర్ సంగతి. కొన్నేళ్ల కిందట మా పెదనాన్న కొడుకు అక్కడి నుంచి ఇలాంటి ఆంపే తెచ్చిచ్చాడు. నెల్లూరులో పది నిమిషాల్లో దొరికే పిన్ కన్వర్టర్ తగిలించి స్విచ్ వేశాను. పాట మొదలైంది, ఎంత బాగుందో అనుకునేలోపు వార్నిష్ కాలిన వాసన. అడాప్టర్ ముట్టుకోలేనంత కాలిపోతోంది. పీకేసి వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఉంది: ఇన్‌పుట్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన ఇంట్లో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పిన్ కన్వర్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజ్ మార్చదు. రిపేరు షాపులో కోసి చూస్తే లోపల ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట నల్లగా మాడిపోయింది. రెట్టింపు వోల్టేజ్ లోపలికి వెళ్లడంతో ఆంప్ బోర్డు మీది కెపాసిటర్లు కూడా ఉబ్బిపోయాయి. తెచ్చినవాడి ప్రేమ, నా సరదా రెండూ పది నిమిషాల్లో పోయాయి. మీకలా కాకూడదు.

ఫోన్ ఛార్జర్ల మీద 100-240 అని ఉంటుంది, అవి ఎక్కడైనా పనిచేస్తాయి. ఈ ఆంప్‌ల అడాప్టర్లు అన్నీ ఆ రకం కావు. ఇంకో చిక్కు కూడా ఉంది. వీటిలో చాలా వాటికి అడాప్టర్ నుంచి బయటికొచ్చేది డీసీ కాదు, ఏసీ. లేబుల్ మీద అవుట్‌పుట్ దగ్గర వోల్టుల పక్కన అలలాంటి వంకర గీత ఉంటే ఏసీ, అడ్డంగా తిన్నని గీత, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ. ఆ ఏసీనే ఆంప్ లోపల విడగొట్టి ప్లస్, మైనస్ రెండు సప్లైలు తయారుచేసుకుంటుంది. 2011లో వచ్చి ఇంటి దగ్గర తయారుచేసుకునేవాళ్లలో బాగా పేరు తెచ్చుకున్న ఆబ్జెక్టివ్2 డిజైన్ కూడా అలాంటిదే. దానికి పిన్ సరిపోయింది కదా అని పాత మోడెమ్ డీసీ అడాప్టర్ పెడితే ఒక సప్లై రానే రాదు. అందుకే ఇన్‌పుట్ 230 అని, అవుట్‌పుట్ వోల్టేజ్, ఏసీనా డీసీనా అనేది కంపెనీ చెప్పినట్టే ఉందా చూసి ఇక్కడే కొనండి. కరెంటు పోయినప్పుడు పాట ఆగకూడదనుకుంటే మీ ఇన్వర్టర్ సైన్ వేవ్‌దో కాదో కనుక్కోండి. స్క్వేర్ వేవ్ అయితే ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ గుయ్యిమంటుంది.

అందం దగ్గరికొస్తే, దాన్ని తీసిపారేయను. పదేళ్లు టేబుల్ మీద కళ్లెదురుగా ఉండే వస్తువు. కానీ మీరు చూసిన ట్యూబుల వెలుగు మీద నాకు అనుమానం. సాధారణంగా ట్యూబ్ సరిగ్గా పనిచేయాలంటే వంద వోల్టులకు పైనే కావాలి. 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే చవక మోడల్స్‌లో కొన్నింటికి ట్యూబ్ కింద ఎల్ఈడీ పెట్టి మెరిపిస్తారు. షాపులో స్విచ్ వేయించి చూడండి. నిజమైన ఫిలమెంట్ మెల్లగా ఎర్రబడుతుంది, ఆపితే మెల్లగా ఆరుతుంది. గాజు అడుగు నుంచి గభాల్న వెలిగి గభాల్న ఆరిపోతే అది దీపమే.

నల్ల డబ్బాలో నేను చూసే అందం వేరు. హెడ్‌ఫోన్ జాక్ చుట్టూ నట్టు బిగించి ముందు పలకకు పట్టించారా, లేక బోర్డు మీద సోల్డర్ మీదే వేలాడుతోందా? రెండో రకమైతే వైరు నాలుగు సార్లు లాగేసరికి సోల్డర్ పగిలి ఒక చెవి వైపు సౌండ్ పోతుంది. నాబ్‌ను బాగా తగ్గించి నెమ్మదిగా తిప్పండి. పాట ఒక చెవి వైపు జరుగుతుంటే, అర్ధరాత్రి మెల్లగా వినేటప్పుడు ప్రతిరోజూ చికాకే. స్విచ్ వేసినప్పుడు చెవిలో టప్‌మని కొట్టకుండా ఒకటి రెండు సెకన్లు ఆగి లోపల రిలే (దానంతటదే పడే చిన్న స్విచ్) టిక్‌మంటే ఆ డిజైనర్ మీ హెడ్‌ఫోన్స్ గురించి ఆలోచించాడన్నమాట.

నాన్నగారి పాత పాటలు మోనోలో రికార్డయినవైతే ఆంప్ వాటిని స్టీరియో చేయదు, టేపు హిస్ (వెనక వినిపించే సుయ్‌మనే శబ్దం) కూడా పోదు. గాయకుడు చరణం ఎత్తుకునే ముందు తీసే ఊపిరి మాత్రం బాగా దగ్గరగా వినిపిస్తుంది.

ప్రశ్న: లాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంటే ఆంప్‌లో హమ్ వస్తోంది, మెటల్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఆంప్ పాడైందా? టెన్షన్‌గా ఉంది. (ఒంగోలు)

జవాబు: ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి. హమ్, జివ్వు రెండూ పోతే ఆంప్ బాగానే ఉన్నట్టు. రెండు పిన్నుల ఛార్జర్లలో కొద్దిపాటి లీకేజీ మామూలే, అదే బాడీలోకి వస్తుంది. మూడు పిన్నుల ఛార్జర్ వాడుతుంటే మాత్రం మీ ప్లగ్గులో ఎర్త్ వైరు నిజంగా కలిపి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఈ వారంలోనే చూపించండి. అది పాట కోసం కాదు, ఇంట్లోవాళ్ల కోసం.

ప్రశ్న: బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌కు ఆంప్ కొనవచ్చా? (నెల్లూరు)

జవాబు: వద్దు. బ్లూటూత్‌లో వింటున్నంతసేపు ఆంప్ పని హెడ్‌ఫోన్ లోపలే జరిగిపోతుంది.