చేతులెత్తితే లెక్క తేలదు

ప్రశ్న: సార్, మేం అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాం. ఏడాదిగా పదిమందిమి కలిసి మూడు హైస్కూళ్లలో పొగాకు వద్దని ర్యాలీలు, ప్రతిజ్ఞలు పెట్టిస్తున్నాం. "దీంతో ఏమైనా మారిందా?" అని ఒక హెడ్మాస్టరు అడిగితే నోరు పెగల్లేదు. ఎట్లా లెక్క కట్టాలి?
– ఒక పాఠకుడు

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారాయన. కడపలో పంతులుగా ఉన్నప్పుడు నేనూ ప్రతిజ్ఞ చేయించా. తొమ్మిదో తరగతి మొత్తం చేతులెత్తింది. ఒకడు మాత్రం ఎడమ చెయ్యెత్తాడు. కుడిచెయ్యి జేబులో ఉంది, గుట్కా పొట్లం నలిగిన చప్పుడు నాకు వినబడింది. అయినా "నూటికి నూరు శాతం" అని రిపోర్టు రాసి పంపేశా!

మీరు పేరు రాయని చీటీ ఇవ్వండి నాయనా. హెడ్మాస్టరు అనుమతి తీసుకోండి, ఇష్టం లేని పిల్లల్ని వదిలేయండి, టీచర్లు గదిలో ఉండకూడదు. "అలవాటుందా?" అంటే ఎవరూ చెప్పరు. "గత 30 రోజుల్లో ఒక్కరోజైనా బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ ఏదైనా వాడావా?" అని అడగండి. 2019 జాతీయ సర్వేలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నట్టు తేలింది, అక్కడా కొలత ఈ నెల రోజులే.

జూన్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి అడగండి. మీరు అడుగుపెట్టని నాలుగో బడిలోనూ ఇదే చీటీ ఇవ్వండి. వయసు పెరిగేకొద్దీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఉంటారు కదా, మీ బళ్లలో అంకె తగ్గకపోయినా అక్కడ పెరిగినంత పెరగకపోతే అదీ ఫలితమే. మే 31న పొగాకు వ్యతిరేక దినమని తీసే ర్యాలీ మాత్రం మానుకోండి. ఎండాకాలం సెలవుల్లో ఎవరికోసం?

గేటు నుంచి టేపు పట్టుకొని అంగళ్ల దాకా కొలవండి. 2003 చట్టం ప్రకారం బడికి 100 గజాల్లోపు, అంటే సుమారు 91 మీటర్లలోపు, పొగాకు అమ్మకూడదు. 18 ఏళ్లలోపు వాళ్లకైతే ఎక్కడా అమ్మకూడదు. నాన్న బీడీ కట్ట తెమ్మంటే వెళ్లిన పిల్లోడికి ఇచ్చినా తప్పే. "నీకివ్వను పో అని అంగట్లో ఎవరైనా అన్నారా?" అనేది చీటీలో రెండో ప్రశ్న పెట్టండి.

నాటికలు ఆ బడి పిల్లల్నే రాసుకోనివ్వండి. నేను నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపిస్తుంటే మా ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి, "సార్, బీడీలు తెమ్మని నాయన పంపితే ఏం చెప్పాల?" అంది. నా దగ్గర జవాబు లేదు. పక్క పిల్లే అందించింది: "నాకు ఇయ్యరంట, నువ్వే పోవాలంట నాయనా అను."