నిజమైన సీరియల్ కిల్లర్ మీద తక్కువ ఖర్చుతో తీసిన మంచి సినిమా ఏదైనా ఉందా?

నేనైతే ‘హెన్రీ: పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ సీరియల్ కిల్లర్’ చూడమంటాను. అన్నం తింటూ మాత్రం వద్దు. మేం ఆ తప్పు చేశాం.

జాన్ మెక్‌నాటన్ 1985లో షికాగోలో నెల తిరక్కుండానే, సుమారు 1,10,000 డాలర్లతో తీసిన సినిమా ఇది. ఎక్స్ రేటింగ్ (అమెరికాలో పెద్దలకు మాత్రమే అనే ముద్ర) గొడవలో చిక్కుకుని థియేటర్లకు వచ్చేసరికి 1990 అయింది. మొదట్లో హత్యలు కనిపించవు. పడి ఉన్న శవాల మీద కెమెరా మెల్లగా కదులుతుంటుంది, వెనక ఆ పెనుగులాట, అరుపులు వినిపిస్తుంటాయి. చూపించి ఉంటే ఇంత భయం వేసేది కాదేమో.

హంతకుడు హెన్రీ, అతని స్నేహితుడు ఓటిస్ ఒక ఇంట్లో దూరి కుటుంబాన్ని చంపే సీన్ ఉంది. అదంతా వాళ్లే తీసుకున్న వీడియోగా టీవీ తెర మీద కనిపిస్తుంది. మా రూమ్మేట్ ప్లేటు పక్కన పెట్టి, “ఒరేయ్, కొంచెం వెనక్కి జరుపు, సరిగ్గా చూళ్లేదు” అన్నాడు. నేను ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసేలోపే సోఫాలో కూర్చున్న ఓటిస్ కూడా అదే అన్నాడు, మళ్లీ చూడాలని. మా ఇద్దరికీ ఇక ముద్ద దిగలేదు.

ఇంకో సంగతి. సినిమాలో హెన్రీ తన తల్లిని పొడిచి చంపానంటాడు, కాసేపటికి కాల్చి చంపానంటాడు. తక్కువ బడ్జెట్ కదా, స్క్రిప్ట్ సరిగ్గా చూసుకోలేదేమోనని నవ్వుకున్నాం. అది పొరపాటు కాదని, తర్వాత ఈ పాత్రకు మూలమైన అసలు మనిషి హెన్రీ లీ లూకస్ గురించి చదివితే గానీ తెలియలేదు. 1983లో టెక్సాస్‌లో దొరికాక అతను వందల హత్యలు తానే చేశానని ఒప్పేసుకున్నాడు. పరిష్కారం కాని కేసులు పట్టుకుని ఎక్కడెక్కడి పోలీసులో వస్తే, వాళ్లకూ సరేనన్నాడు. అడిగిన మిల్క్‌షేక్ తెచ్చిపెట్టేవాళ్లట! చివరికి మరణశిక్ష పడిన కేసులోనే, హత్య జరిగిన సమయానికి అతను ఫ్లోరిడాలో ఉన్నట్టు ఆధారాలు బయటపడ్డాయి. 1998లో అప్పటి టెక్సాస్ గవర్నర్ జార్జ్ బుష్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చాడు. అలాగని అమాయకుడు కాదు, తల్లిని నిజంగానే చంపాడు.

ఇదంతా తెలిశాక రెండోసారి చూశాను. చాలా ఒప్పుకోళ్లను అతను తర్వాత కాదన్నాడని సినిమా మొదట్లోనే ఒక కార్డు వేశారు. మొదటిసారి అది పడుతున్నప్పుడు మేం బిర్యానీ పొట్లం విప్పుతున్నాం.