తెల్లవారుజాము ఫ్లైట్‌కి హోటల్ షటిల్‌ని నమ్ముకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: రాత్రి దిగి ఎయిర్‌పోర్టు పక్క హోటల్లో పడుకుంటారు, పొద్దున్నే ఆరున్నరకి ఇంటర్నేషనల్ ఫ్లైట్, వెంట పెద్దవయసు అమ్మానాన్నలు, నాలుగు పెద్ద పెట్టెలు. హోటల్‌వాళ్లు షటిల్ (ఎయిర్‌పోర్టుకీ హోటల్‌కీ మధ్య తిప్పే వాళ్ల వ్యాన్) ఫ్రీ అంటుంటే డబ్బు పోసి టాక్సీ ఎందుకు అని అడుగుతున్నారు.

రాత్రి హోటల్‌కి వెళ్లేటప్పుడు షటిల్ ఎక్కండి. పొద్దున్న వెళ్లేటప్పుడు మాత్రం కారు ముందే మాట్లాడి పెట్టుకోండి. రాత్రి షటిల్ అరగంట ఆలస్యమైతే అరగంట ఆలస్యంగా పడుకుంటారు, అంతే. పొద్దున్న అదే అరగంట ఆలస్యమైతే ఫ్లైట్ పోతుంది.

ఉద్యోగం మీద తిరిగిన ఏళ్లలో ఇలాంటి హోటళ్లలో చాలా రాత్రులు ఉన్నాను. ఒక్కణ్నే, భుజాన ఒక బ్యాగు. షటిల్ నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ ధీమాతోనే ఒకసారి అమ్మని తీసుకెళ్తూ కూడా దాన్నే నమ్ముకున్నాను. చెక్-ఇన్ అప్పుడు అడిగితే "ప్రతి అరగంటకీ ఉంటుంది సార్" అన్నారు. అబద్ధం కాదు. తెల్లవారుజామున నాలుగుంబావుకి కిందికి దిగితే కౌంటర్ మీద ఒక అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితం, దారంతో కట్టిన పెన్ను కనిపించాయి. నాలుగున్నర ట్రిప్పు కింద పన్నెండు పేర్లు రాసేసి, కింద అడ్డగీత కొట్టేశారు. వ్యాన్‌లో సీట్లు పన్నెండే. అందులో ఐదు విమాన సిబ్బందివి. వాళ్లకి హోటల్‌తో ఒప్పందం ఉంటుంది కాబట్టి ముందు వాళ్లే. పేరు రాయించాలని రాత్రి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అమ్మ సోఫా అంచున హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఏరా, బండి వచ్చేస్తుందా?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు, గాజు తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది. ఫోన్లో యాప్ తెరిస్తే దగ్గర్లో కారు లేదు, ఉన్న ఒక్కటీ ఇరవై నిమిషాల దూరంలో ఉంది, రేటు చూస్తే రాత్రి చూసినదానికి రెట్టింపు. అదే బుక్ చేశాను. బ్యాగేజీ కౌంటర్ మూసేయడానికి పది నిమిషాల ముందు చేరాం. అక్కడ అమ్మ చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఇప్పటికీ అది తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మీ లెక్క కూడా ఒకసారి చూద్దాం. ఇంటర్నేషనల్ ఫ్లైట్లకి చాలా ఎయిర్‌లైన్లు బయల్దేరడానికి 60 నిమిషాల ముందే చెక్-ఇన్ ఆపేస్తాయి. ఆరున్నర ఫ్లైట్ అంటే మీకున్నది ఐదున్నర వరకే. పెద్దవాళ్లకి వీల్‌చెయిర్ అడిగి ఉంటే, అది వచ్చేదాకా ఆగడానికీ టైమ్ కావాలి. నాలుగింటికల్లా టెర్మినల్లో ఉండాలి మీరు. హోటల్ మొదటి ట్రిప్పే నాలుగింటికో ఐదింటికో అయితే, అది ఫ్రీ అయినా మీకు పనికిరాదు. కాబట్టి రిసెప్షన్‌లో "షటిల్ ఉందా" అని అడిగి ఊరుకోకండి. పొద్దున్న మొదటి ట్రిప్పు ఎన్నింటికి, సీటు రాసిపెడతారా, వేరే హోటల్‌తో కలిపి నడుపుతున్నారా, మన టెర్మినల్ దారిలో ఎన్నో స్టాపు అని అడగండి. రెండుమూడు హోటళ్లకి ఒకే వ్యాన్ తిరిగే చోట, మీ టెర్మినల్ చివరిదైతే, పది నిమిషాల దారి నలభై నిమిషాలు పడుతుంది.

ఫ్రీ అనే మాట కూడా అన్నిచోట్లా ఒకటి కాదండీ. లండన్ హీత్రోలో హోటళ్లకి తిరిగే హొప్పా బస్సుకి టికెట్టు కొనాలి. న్యూయార్క్ జేఎఫ్‌కేలో హోటల్ వ్యాన్ టెర్మినల్ ముందుకి రాదు. మనమే పెట్టెలతో ఎయిర్‌ట్రెయిన్ (టెర్మినళ్లని కలిపే ఎయిర్‌పోర్టు రైలు) ఎక్కి ఫెడరల్ సర్కిల్ స్టేషన్‌లో దిగి అక్కడ ఎక్కాలి. లాస్ ఏంజెలెస్‌లో వ్యవహారం దీనికి తలకిందులు. 2019లో టాక్సీలనీ యాప్ కార్లనీ విడిగా ఒక స్టాండుకి మార్చేశారు. హోటల్ వ్యాన్లు మాత్రం టెర్మినల్ దగ్గరికే వస్తాయి. అలాంటిచోట మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వ్యానే సుఖం. మీరు దిగే ఎయిర్‌పోర్టు వెబ్‌సైట్లో హోటల్ వ్యాన్ ఆగే చోటు, టాక్సీ ఎక్కే చోటు రెండూ ముందే చూసుకోండి.

రాత్రి షటిల్‌కి ఫోన్ చేసేది పెట్టెలు చేతికొచ్చాకే. విమానం ఆగగానే చేస్తే వ్యాన్ వచ్చి వెళ్లిపోతుంది, రోడ్డు పక్కన ఎక్కువసేపు ఆగనివ్వరు దాన్ని. హోటల్ పేరు పూర్తిగా చెప్పండి. ఒకే బ్రాండువి ఎయిర్‌పోర్టు చుట్టూ రెండుమూడు ఉంటాయి, నేను ఒకసారి పక్క హోటల్ వ్యాన్ ఎక్కి దిగాను. బయట మనవైపు నడిచొచ్చి "టాక్సీ కావాలా" అని పెట్టె పట్టుకునేవాళ్లతో మాత్రం వెళ్లకండి.

పొద్దుటి కారు విషయానికొస్తే, యాప్‌లో ముందురోజే బుక్ చేసినంత మాత్రాన కారు మన కోసం పక్కన పెట్టినట్టు కాదు. చాలాసార్లు ఆ టైమ్ దగ్గరపడ్డాకే డ్రైవర్‌ని వెతుకుతుంది. తెల్లవారుజాముకి నేనైతే కార్ సర్వీస్‌నే (డ్రైవర్‌తో సహా కారుని ముందే మాట్లాడుకునే కంపెనీ) మాట్లాడతాను, లేదంటే రిసెప్షన్‌లో చెప్పి వాళ్లకి తెలిసిన టాక్సీ పిలిపిస్తాను. మొత్తం రేటు ఎంతో, టోల్ అందులోనే ఉందో లేదో రాతపూర్వకంగా మెసేజ్ తీసుకోండి. ముగ్గురు, నాలుగు పెద్ద పెట్టెలు అని విడిగా చెప్పండి. మామూలు కారు డిక్కీలో అవి పట్టవు, పెద్ద బండి కావాలి. డ్రైవర్ నంబరు రాత్రే అడిగి పెట్టుకుంటే నిద్ర పడుతుంది.

ఇంకొకటి. హోటల్ వ్యాన్ మెట్టు ఎత్తుగా ఉంటుంది. అమ్మగారికి అందకపోతే డ్రైవర్‌ని చిన్న స్టూలు అడగండి, కొందరి దగ్గర ఉంటుంది. ముందు వాళ్లిద్దర్నీ తలుపు పక్క సీట్లో కూర్చోబెట్టి, ఆ తర్వాతే పెట్టెల సంగతి చూడండి.