మేధో వైకల్యం ఉన్న తమ్ముడికి ఎవరైనా పని ఇస్తారా?

మీ తమ్ముడు ఓపెన్ స్కూల్లో పది పూర్తిచేశాడు, మేధో వైకల్యం ఉంది, ఉద్యోగం దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుందండి. మా చెల్లిదీ అదే పరిస్థితి. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో పనిచేస్తోంది.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్ (సదరం లాంటిది), దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ లేకపోతే ముందు అవి తీసుకోండి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉంటేనే రిజర్వేషన్ వర్తిస్తుంది. 1995 దివ్యాంగుల చట్టం ఇచ్చిన ఉద్యోగాల కోటాలో మేధో వైకల్యం ఉన్న మనవాళ్లు లేనే లేరు. 2016 చట్టం వచ్చాక ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకిచ్చే 4 శాతంలో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లందరికీ కలిపి కేటాయించారు. కానీ పోటీ పరీక్ష దాటాలి కాబట్టి దానికోసమే కూర్చోకండి.

శిక్షణ గురించి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ సంస్థ) అడగండి. పెద్దవాళ్లయిన పిల్లల కోసం అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. అయితే ఏళ్ల తరబడి కొవ్వొత్తులు, కవర్లు చేయిస్తూ ఉండిపోవడం నాకు నచ్చదు. వీళ్లకు పని వచ్చేది పనిచేసే చోటే.

చెల్లి మొదట చేరిన షాపులో ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పరుగెత్తేది. "అది అక్కడ పెట్టు" అంటే ఏది, ఎక్కడ? పాపం బిత్తరపోయేది. "మీ అమ్మాయికి రాదు" అని పంపేశారు. ఇప్పుడున్న చోట పని చెప్పేది ఒక్క సూపర్‌వైజరే. బిస్కెట్ల అర, సబ్బుల అర, అంతే ఆమె బాధ్యత. సరుకు నిండుగా ఉన్నప్పుడు ఫోటో తీసి ఆ అరకే అంటించారు. చెల్లి ఫోటో చూస్తుంది, అర చూస్తుంది, ఖాళీ ఉన్నచోట నింపుతుంది. తేదీలు చదవగలదు కానీ ఏది ముందో తేల్చుకోలేదు. అందుకని గోడౌన్‌లోనే పాత సరుకు పెట్టెకు ఎర్రచుక్క అతికిస్తారు. ఎర్రచుక్కవి ముందు వరుసలోకి వస్తాయి. ఇందులో యజమానికి అయిన ఖర్చు ఎంతని!

మొదటి నెల ఇంట్లోవాళ్లో స్పెషల్ టీచరో పక్కనే ఉండి చూపించాలి. ఇది మాత్రం తప్పదు. యజమానితో ముందే మాట్లాడుకోండి. "కాలక్షేపానికి రమ్మనండి, ఏదో ఇస్తాం" అనేవాళ్లకు నేను నమస్కారం పెట్టి వచ్చేశాను. అదే పని చేసే పక్కవాళ్లకు ఎంతో మా చెల్లికీ అంతే, అదీ ఆమె పేరున ఉన్న ఖాతాలోనే పడాలి.

మీ తమ్ముడు ఇంట్లో ఎవరూ చెప్పకుండా చేసే పనులేమిటో, మీరు ఏ ఊళ్లో ఉంటారో కింద రాయండి. ఎలాంటి చోట అడగాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.